ఒకే జబ్బు, ఒకే మెషిన్: ఒకరికి 47 రోజులు, ఇంకొకరికి 72

నెల్లూరులో రేడియేషన్ డాక్టరుగా పనిచేస్తున్నాను. గొంతు క్యాన్సర్ పేషెంట్ రాని ఓపీ రోజు నాకు గుర్తు లేదు. ఇటు గూడూరు, ఆత్మకూరు, ఉదయగిరి నుంచి, అటు కందుకూరు, కొండపి, పొదిలి, కనిగిరి నుంచి వస్తారు. మా వైపు జనం రేడియేషన్‌ని "కరెంటు పెట్టడం" అంటారు, ఒక రోజు చికిత్సను "సిట్టింగ్" అంటారు. అందరూ అడిగేది రెండే ప్రశ్నలు: "ఎన్ని సిట్టింగులు మేడం?", "నయమవుతుందా?" మొదటిదానికి జవాబు వెంటనే చెబుతాను. రెండోదానికి చెప్పే జవాబు ఈ ఇద్దరు పేషెంట్ల తర్వాత మారింది. అందుకే వాళ్ల కేసులు పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

గుర్తు పట్టకుండా ఊరు, వయసు లాంటివి కొంచెం మార్చాను. జబ్బు దశ, డోసు, రోజుల లెక్క మార్చలేదు.

ఇద్దరూ వచ్చినప్పుడు

మొదటాయన కొండపి వైపు పొగాకు రైతు, 56 ఏళ్లు. 30 ఏళ్లుగా చుట్ట అలవాటు. పొగాకు వేలం ప్లాట్‌ఫారానికి బేళ్లు తోలే సీజన్ చివర్లో గొంతు బొంగురుపోయింది. దుమ్ము వల్ల అనుకున్నాడు. ఊళ్లో ఆర్ఎంపీ రెండుసార్లు సూది వేశాడు, దగ్గు మందు ఇచ్చాడు. నాలుగో నెలలో కుడి చెవిలో పోటు మొదలైంది. చెవి చూపించుకుందామని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన చెవి చూసి, ఏమీ లేదని, గొంతులోకి కెమెరా వేశారు. (గొంతులో గడ్డ ఉన్నప్పుడు అదే నరం దారిలో నొప్పి చెవికి వస్తుంది. ఒకవైపే చెవిపోటు, చెవి పరీక్షలో ఏమీ దొరకకపోవడం, పొగ అలవాటు: ఈ మూడూ కలిస్తే గొంతు చూడకుండా పంపకూడదు.) స్వరతంతువులకి పైన గడ్డ ఉంది. కుడి తంతువు కదలడం లేదు. ముక్క తీసి పంపితే స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ అని వచ్చింది. సీటీలో మెడ కుడివైపు జబ్బు పాకిన రెండున్నర సెంటీమీటర్ల లింఫు గ్రంథి ఒకటి. దశ టీ3 ఎన్1, అంటే మూడో స్టేజీ. బరువు 58 కిలోలు, హిమోగ్లోబిన్ 12.8.

రెండో ఆయన ఉదయగిరి దగ్గర పల్లెటూరి మనిషి, 52 ఏళ్లు. లారీ డ్రైవరు. బీడీలు, రాత్రి డ్యూటీల్లో ఖైనీ. లైన్ మీద ఉండగా గొంతు మారితే ఎక్కడ ఆగితే అక్కడ మెడికల్ షాపులో మందులు కొని ఏడు నెలలు గడిపాడు. గడ్డ ఉన్న చోటు అదే, సైజు దాదాపు అదే, మెడలో గ్రంథి ఒకటే. టీ3 ఎన్1. బరువు 55 కిలోలు, హిమోగ్లోబిన్ 10.4.

ఇద్దరికీ ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంది, చికిత్స ఖర్చు దాని కిందే జరిగింది. కీమో, రేడియేషన్ కలిపి ఇద్దామని ట్యూమర్ బోర్డులో (డాక్టర్లంతా కూర్చుని కేసు చర్చించే చోట) నిర్ణయించాం. ఆపరేషన్ అయితే స్వరపేటిక మొత్తం తీసేయాలి. మూడో స్టేజీలో స్వరపేటికను కాపాడే చికిత్సకి గట్టి ఆధారం 2003లో వచ్చిన ఆర్‌టీఓజీ 91-11 అధ్యయనం. అందులో రెండేళ్ల తర్వాత సొంత స్వరపేటికతో ఉన్నవాళ్లు, కీమో రేడియేషన్ ఒకేసారి తీసుకున్న వర్గంలో 88 శాతం. ముందు కీమో, తర్వాత రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 75, రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 70. ప్రాణం నిలిచే విషయంలో మూడు వర్గాలకీ పెద్ద తేడా లేదు, గొంతు నిలిచే విషయంలోనే ఇంత తేడా. ఈ అంకెలు చెబితే ఇద్దరూ ఒకటే మాట అన్నారు: "గొంతు ఉండాలమ్మా."

ప్లాన్

ప్లాన్ ఇద్దరికీ ఒకటే. గడ్డకీ మెడలోని గ్రంథికీ 70 గ్రే (రేడియేషన్ డోసు కొలత), 35 సిట్టింగుల్లో, సిట్టింగుకి 2 గ్రే, వారానికి ఐదు రోజులు. జబ్బు పాకే అవకాశం ఎక్కువ ఉన్న చోట్ల 63, తక్కువ ఉన్న చోట్ల 56. వెన్నుపాముకి 45 గ్రే దాటకుండా, లాలాజల గ్రంథులకి సగటున 26 లోపు ఉండేలా, కిరణాలని గడ్డ ఆకారానికి తగ్గట్టు మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతిలో. అదే లీనియర్ యాక్సిలరేటర్ (రేడియేషన్ మెషిన్), అదే టెక్నీషియన్లు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు మూడు వారాలకోసారి, ఒంటి ఉపరితలం చదరపు మీటరుకి 100 మిల్లీగ్రాముల చొప్పున మూడు డోసులు అనుకున్నాం.

రేడియేషన్‌కి ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పంపడం మాకు నియమం. రైతుది కనిగిరి వైపు పుట్టుక. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పళ్లు గారపట్టి, పెళుసుగా ఉన్నాయి. నాలుగు పళ్లు తీసేసి, రెండు వారాలు మాననిచ్చాం. తర్వాత పుచ్చుపన్ను తీయాల్సి వస్తే రేడియేషన్ తిన్న దవడ ఎముక మానదు, కుళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. ఆ రెండు వారాలు ఆలస్యం చేస్తున్నామని కొడుకు చాలా టెన్షన్ పడ్డాడు. మొదలుపెట్టే ముందు తీసుకునే రెండు వారాలు వేరు, మొదలుపెట్టాక పోయే రెండు వారాలు వేరని అతనికి ఆరోజే కూర్చోబెట్టి చెప్పాను.

ఇక్కడ మాస్క్ గురించి చెప్పాలి. తెల్లటి ప్లాస్టిక్ జాలీని వేడి నీళ్లలో వేస్తే రొట్టె పిండిలా మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద, మెడ మీద, భుజాల దాకా పరిచి, బల్లకి బిగించి, చల్లారేదాకా ఆగుతాం. గట్టిపడ్డాక అది ఆ మనిషి ముఖం అచ్చు. రోజూ అదే బిగించి పడుకోబెడతాం, మిల్లీమీటర్లు కూడా కదలకూడదు. రైతు మాస్క్ మొదటి రోజు ముక్కు మీద ఎర్రగా గీతలు పడేంత బిగుతు. లారీ డ్రైవరు మాస్క్ కూడా అంతే. నాలుగో వారంలో డ్రైవరు మాస్క్‌కీ చెంపకీ మధ్య నా చూపుడు వేలు పట్టింది. అప్పటికి ఆయన ఆరు కిలోలు తగ్గాడు. మాస్క్ వదులైతే లోపల మనిషి కదులుతాడు. మళ్లీ సీటీ తీసి, కొత్త మాస్క్ చేసి, కొత్త ప్లాన్ వేయాలి. ఆ పనికే మళ్లీ రోజులు పడతాయి.

35 గడుల కార్డు

చికిత్స మొదలైన రోజు ప్రతి పేషెంట్‌కీ ఒక అట్ట కార్డు ఇస్తాం. దాని మీద 35 గడులుంటాయి. సిట్టింగ్ అయినప్పుడల్లా టెక్నీషియన్ తేదీ వేసి సంతకం పెడతాడు. ఇద్దరి కార్డులూ ఇప్పటికీ ఫైళ్లలో ఉన్నాయి.

రైతు డిసెంబరు మొదటి వారంలో సోమవారం మొదలుపెట్టాడు. పొలంలో ఆకు కోతకి వస్తోంది, ఆకు కాల్చే బ్యారన్ పని తమ్ముడి మీద వదిలేశాడు. ఆస్పత్రికి నాలుగు వీధుల అవతల చిన్న గది అద్దెకి తీసుకుని భార్యాభర్తలు అక్కడే ఉన్నారు. సంక్రాంతికి సెలవు వచ్చింది, మెషిన్ ఒకరోజు రిపేరుకి ఆగింది. రెండింటికీ బదులు రెండు శనివారాలు పిలిచి పెట్టాం. మూడో వారంలో నోట్లో పూత మొదలైంది, నాలుగో వారానికి ఉమ్మి మింగినా కన్నీళ్లు వచ్చేవి. ముక్కు గొట్టం వేద్దామంటే మొదట ఒప్పుకోలేదు. ఆ మాట ఆయన భార్యే ఒప్పించింది. ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "గొట్టం ఉంటే నీ నోటికి రెస్టు. నేను పోస్తా, నువ్వు పడుకో."

గొట్టంలో ఆమె పోసేది రాగి జావ. మొదటి రోజు గొట్టం మూసుకుపోయింది. చిక్కగా కాస్తే, సన్న గొట్టంలో రాగి పిండి గడ్డ కట్టి అడ్డం పడుతుంది. మా నర్సు ఆమెకి పక్కనుండి చూపించింది: జావ పలచగా కాచి, పాత పంచె గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా, పోసే ముందు యాభై మిల్లీలీటర్ల నీళ్లు, పోశాక మళ్లీ యాభై, మనిషిని అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. జావతో పాటు పాలు, ఉడికిన గుడ్డు తెల్లసొన మిక్సీ పట్టి, పెసరకట్టు. రోజుకి ఆరుసార్లు. ఆమె నోటుబుక్కులో టైము రాసుకునేది. ఏడు వారాల్లో ఆయన తగ్గింది మూడు కిలోలే.

చుట్ట మాస్క్ చేసిన రోజే మానేశాడు. సిస్‌ప్లాటిన్ రెండు పూర్తి డోసులు పడ్డాయి. మూడోదానికి క్రియాటినిన్ (కిడ్నీల పని చూపే రక్త పరీక్ష) కొంచెం పెరిగింది, ఆపేశాం. చదరపు మీటరుకి మొత్తం 200 మిల్లీగ్రాములు చేరితే చాలావరకు పని జరిగినట్టే లెక్క కాబట్టి నేను దిగులు పడలేదు. 35వ గడి 47వ రోజు నిండింది. సోమవారం మొదలుపెట్టి ఒక్క పని రోజూ పోకుండా చేస్తే అంతకంటే ముందు అవదు.

లారీ డ్రైవరు కార్డు తీసి చూస్తే తేదీల మధ్య ఖాళీలు కనిపిస్తాయి.

ఆయన అక్టోబరు మధ్యలో మొదలుపెట్టాడు. గది తీసుకోమంటే డబ్బు లేదన్నాడు. రోజూ తెల్లవారుజామున బస్సెక్కి నెల్లూరు వచ్చి, సిట్టింగ్ అయ్యాక మధ్యాహ్నం బస్సులో వెళ్లేవాడు. రానూ పోనూ ఆరు గంటలు. మొదటి మూడు వారాలు అలా వచ్చాడు. 18 సిట్టింగులయ్యాక నోరు పూర్తిగా పుండయింది. ముక్కు గొట్టం వద్దన్నాడు, "బస్సులో గొట్టంతో ఎట్లా వచ్చేది మేడం, అందరూ చూస్తారు" అన్నాడు. రెండో కీమోకి వాంతులు, క్రియాటినిన్ పెరగడం. కీమో ఆగింది. ఆ వారం ఇంటికెళ్లి రాలేదు. తొమ్మిది పని రోజులు. నాలుగు రోజులు ఇంట్లో చావు. రెండు రోజులు నవంబరు వానలకి వాగు పొంగి బస్సు రాలేదు. రెండు రోజులు మా మెషిన్ రిపేరు. మొత్తం 17.

రైతుకి శనివారాలు పిలిచి పూడ్చినట్టు ఈయనకి పూడ్చలేకపోయాం. అప్పటికే ఒంట్లో శక్తి లేదు, వారానికి ఐదు రోజులే కష్టమైంది. రోజుకి రెండు సిట్టింగులు ఆరు గంటల తేడాతో పెడదామంటే సాయంత్రం తిరిగి వెళ్లడానికి బస్సు ఉండదు. 35వ గడి 72వ రోజు నిండింది.

ఆ తొమ్మిది రోజుల్లో మా వాళ్లెవరూ ఆయనకి ఆరో రోజుదాకా ఫోన్ చేయలేదు. కార్డులో ఖాళీ ఉంది, రిజిస్టరులో ఖాళీ ఉంది, నేను చూడలేదు. నా పేషెంట్ నాకు కనిపించకుండా పోయిన వారం రోజులు ఎవరి ఖాతాలో రాయాలో నాకు తెలుసు.

గడువు ఎందుకు ముఖ్యం

రైతులకి ఇది చెప్పడం తేలిక. కలుపు తీస్తూ తీస్తూ సగంలో ఆపి మూడు వారాలు పొలానికి వెళ్లకపోతే, మిగిలిన కలుపు ముందుకంటే జోరుగా లేస్తుంది. గొంతు క్యాన్సర్ కణాలూ అంతే. చికిత్స మొదలైన సుమారు నాలుగు వారాలకి, బతికి మిగిలిన కణాలు వేగంగా పుంజుకోవడం మొదలుపెడతాయి. 1988లో విథర్స్ అనే రేడియేషన్ పరిశోధకుడి బృందం పాత ఫలితాలన్నీ కలిపి లెక్క కట్టింది: ఆ తర్వాత గడిచే ఒక్కో రోజుకీ అదే ఫలితం రావాలంటే సగటున 0.6 గ్రే అదనంగా కావాలి. 47కీ 72కీ తేడా 25 రోజులు. అంటే 15 గ్రే. డ్రైవరు ఫైల్లో 70 గ్రే అని నేనే సంతకం పెట్టాను. ఈ లెక్క ప్రకారం ఆ గడ్డ మీద పడ్డ బలం 55కి దగ్గర.

దీన్ని తిరగేసి చూసిన అధ్యయనాలూ ఉన్నాయి. అదే డోసు, సిట్టింగులు అన్నే, వారానికి ఐదుకి బదులు ఆరు పెట్టి వారం ముందు ముగిస్తే ఏమవుతుంది? డెన్మార్క్‌లో 2003లో వచ్చిన ఫలితం: గొంతులోనూ మెడలోనూ జబ్బు అదుపులో ఉన్నవాళ్లు ఐదేళ్లకి 60 శాతం నుంచి 70కి పెరిగారు. అదే ప్రశ్నని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మన లాంటి దేశాల్లో, మన దేశపు ఆస్పత్రుల్లో కూడా, 908 మందితో చేయించింది. 2010లో వచ్చిన ఆ ఫలితం 30 నుంచి 42. లాభం రెండు చోట్లా ఇంచుమించు ఒకటే, మొదలైన మెట్టు మాత్రం మనది చాలా కింద. మన దగ్గర జబ్బు ముదిరి వస్తారు, ఒళ్లు ఎండి వస్తారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంటర్నెట్లో "గొంతు క్యాన్సర్‌లో 80, 90 శాతం నయం" అని చదివి ధైర్యంగా వచ్చేవాళ్లున్నారు. ఆ అంకెలు ఎక్కువగా హెచ్‌పీవీ వైరస్ వల్ల టాన్సిల్, నాలుక వెనక భాగంలో వచ్చే క్యాన్సర్‌వి. అమెరికాలో 2010లో వచ్చిన విశ్లేషణలో మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు వైరస్ ఉన్న రకంలో 82 శాతం, లేని రకంలో 57. మా వైపు గొంతు క్యాన్సర్ చుట్ట, బీడీ, ఖైనీ, మందు తెచ్చినది. రెండో అంకె పక్కనే మన లెక్క మొదలవుతుంది.

ఫలితం

రైతుకి చికిత్స ముగిసిన 12 వారాలకి చెన్నై పంపి పెట్ సీటీ తీయించాం. గడ్డ లేదు, మెడలో గ్రంథి లేదు. ఇప్పటికి రెండున్నరేళ్లు. మాట కొంచెం గరుకుగా ఉంటుంది, ఫోన్లో గుర్తుపట్టొచ్చు. నోరు ఎండిపోతుంది, పక్కన నీళ్ల సీసా లేకుండా కదలడు. ఏడాదిన్నరకి థైరాయిడ్ మందగించింది. మెడకి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఇది చాలామందికి వచ్చేదే, అందుకే ఆరు నెలలకోసారి థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చేయిస్తాం. రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. పండుమిరప పచ్చడి ఏడాది దాకా నాలుకకి తగలనివ్వలేకపోయాడు. మొదటిసారి తిన్న రోజు భార్య నాకు ఫోన్ చేసి చెప్పింది, వెనక నుంచి ఆయన దగ్గు వినిపిస్తోంది.

డ్రైవరుకి 12 వారాల స్కాన్‌లో గొంతులో అనుమానం మిగిలింది. ఐదో నెలలో ముక్క తీస్తే జబ్బు ఉంది. స్వరపేటిక మొత్తం తీసే ఆపరేషన్ చేయించాం. రేడియేషన్ తిన్న కండ త్వరగా మానదు. కుట్ల దగ్గర చిన్న రంధ్రం పడి ఉమ్మి కారింది, ఆరు వారాలు ఆస్పత్రిలోనే. ఇప్పుడు ఆపరేషన్ అయి రెండేళ్లు, జబ్బు లేదు. మెడ ముందు రంధ్రంలోంచి ఊపిరి తీస్తాడు. గదవ కింద ఆనించి మాట్లాడే బ్యాటరీ మెషిన్ ఇచ్చాం. దాని గొంతు అతనికి నచ్చలేదు, పక్కన పెట్టేశాడు. ఫోన్లో తెలుగులో టైప్ చేసి చూపిస్తాడు. లారీ అమ్మేశాడు.

ఇద్దరి ఫలితంలో తేడా అంతా రోజుల వల్లే అని నేను చెప్పను. డ్రైవరు హిమోగ్లోబిన్ తక్కువ. కీమో అతనికి సగమే పడింది. మూడో వారం దాకా రోజుకి నాలుగైదు బీడీలు కాల్చానని తర్వాత ఒప్పుకున్నాడు. కెనడాలో 1993లో 115 మందిని గమనించిన అధ్యయనంలో, రేడియేషన్ జరుగుతుండగా పొగ మానని వాళ్లలో గడ్డ పూర్తిగా కరిగింది 45 శాతం మందికి, మానిన వాళ్లలో 74 శాతం మందికి. రెండేళ్లు బతికినవాళ్లు 39, 66. ఒక్క బీడీ మీద ఇంత ఆధారపడుతుందని నేను మొదటి రోజు చెప్పానా అంటే, చెప్పాను. చాలినంత గట్టిగా చెప్పానా అంటే, లేదు. బీడీ, రక్తం, కీమో, రోజులు, ఇవన్నీ ఒకే ఇంటి ఇబ్బందుల్లోంచి వచ్చాయి. ఆస్పత్రి దగ్గర గది, పక్కన మనిషి, ముక్కు గొట్టం ఉన్న పేషెంట్‌కి ఈ నాలుగూ ఒకేసారి సర్దుకుంటాయి. అవి లేని పేషెంట్‌కి నాలుగూ ఒకేసారి చెడతాయి.

ఒక్క రోజూ పోని ఇంకో కేసు

రోజుల లెక్క సరిగ్గా ఉంటే చాలు అనుకోకుండా ఉండటానికి టంగుటూరు వైపు ఆవిడ కేసు నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. 46 ఏళ్లు, పొగాకు గ్రేడింగ్ పని. చుట్ట, బీడీ ఏమీ లేవు. ఏళ్ల తరబడి రక్తం తక్కువ, హిమోగ్లోబిన్ 7.6, బరువు 36 కిలోలు. గట్టి పదార్థం మింగుడు పడక ఏడాదిగా మెత్తటి అన్నమే. జబ్బు అన్నవాహిక మొదట్లో, స్వరపేటిక వెనకాల. ఐరన్ లోపం చాలాకాలం ఉన్న ఆడవాళ్లలో ఈ చోట క్యాన్సర్ రావడం పుస్తకాల్లో పాతకాలం నుంచీ ఉన్న విషయం. ఇక్కడ వచ్చే జబ్బు మొండిది, తెలిసేసరికి పాకిపోయి ఉంటుంది.

రక్తం ఎక్కించి, ముందే గొట్టం వేసి, కీమో తట్టుకునే ఒళ్లు కాదు కాబట్టి వారానికి ఆరు సిట్టింగుల చొప్పున పెట్టాం. 35 సిట్టింగులు 40 రోజుల్లో అయ్యాయి. పదో తరగతి చదివే కూతురు రోజూ కార్డు తెచ్చి, టెక్నీషియన్ సంతకం పెట్టేదాకా కౌంటరు దగ్గరే నిలబడేది. ఒక్క ఖాళీ లేదు. తొమ్మిదో నెలలో జబ్బు తిరిగి వచ్చింది. 13వ నెలలో ఆమె పోయింది.

ఆమె ఇప్పుడు వచ్చి ఉంటే సిస్‌ప్లాటిన్ పడని వాళ్ల కోసం డోసిటాక్సెల్ అనే కీమో మందు ఆలోచించేదాన్ని. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 356 మందితో చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, సిస్‌ప్లాటిన్‌కి పనికిరాని వాళ్లకి వారానికోసారి ఇది కలిపితే రెండేళ్లు బతికినవాళ్లు 41.7 శాతం నుంచి 50.8కి పెరిగారు. నోటి పుండ్లు కూడా బాగా పెరిగాయి. 36 కిలోల మనిషి అవి తట్టుకునేదా అన్నది వేరే ప్రశ్న. ఆమె విషయంలో నేను అడగాల్సింది అంతకంటే వెనక ఉంది: రక్తం 7కి పడిన మనిషి ఏడాది మెత్తన్నం తింటుంటే ఎవరూ గొంతు ఎందుకు చూడలేదు?

దీనికి పూర్తిగా వ్యతిరేకం కావలి ఆర్టీసీ కండక్టరు. గొంతు మారిన నెలకే వచ్చాడు, స్వరతంతువు మీద చిన్న గడ్డ, టీ1 (తొలి దశ). మెడ గ్రంథులకి ఇవ్వాల్సిన పని లేదు, కీమో లేదు. 2.25 గ్రే చొప్పున 28 సిట్టింగులు, ఐదున్నర వారాలు. జపాన్‌లో 2006లో వచ్చిన అధ్యయనంలో ఈ దశలో 2 గ్రే చొప్పున ఇస్తే ఐదేళ్లకి 77 శాతం, 2.25 చొప్పున ఇస్తే 92 శాతం అదుపు వచ్చింది, అందుకే ఈ పద్ధతి. మళ్లీ డ్యూటీ ఎక్కాడు. ఆయన గురించి రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు.

మేము మార్చుకున్నవి

డ్రైవరు ఆపరేషన్ అయిన నెలలో మా విభాగంలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి రిజిస్టరులో ఆరోజు రాని పేర్లు నా టేబుల్ మీదకి వస్తాయి. అదే సాయంత్రం ఫోన్ వెళ్తుంది. ఎత్తకపోతే ఇంట్లో రెండో నంబరుకి. మొదటి రోజే రెండు నంబర్లు, ఊళ్లో ఆశా కార్యకర్త నంబరు రాసుకుంటున్నాం. మెషిన్ రిపేరైన రోజుకి బదులు శనివారం తప్పనిసరి.

బస్సులో రెండు గంటలు దాటి వచ్చేవాళ్లని మొదలుపెట్టే ముందే ఎక్కడ ఉంటారని అడుగుతున్నాం. సత్రం, అద్దె గది, నెల్లూరులో చుట్టాలిల్లు, ఏదో ఒకటి తేలాకే మాస్క్. రైలు మార్గంలో ఉన్నవాళ్లకి క్యాన్సర్ పేషెంట్‌కీ తోడు వచ్చే ఒకరికీ రైల్వే ఇచ్చే రాయితీ ఫారం అక్కడే సంతకం పెట్టి ఇస్తాం. ఉదయగిరికి రైలు లేదు.

ముక్కు గొట్టం గురించి నేను అడిగే తీరు మార్చాను. ఇదివరకు నాలుగో వారంలో, మనిషి మాట్లాడలేని స్థితిలో అడిగేదాన్ని. ఇప్పుడు మొదటి రోజే, భార్యనో కొడుకునో పక్కన పెట్టుకుని, గొట్టం వేసుకున్న ఇంకో పేషెంట్‌ని పరిచయం చేసి అడుగుతున్నాను. రైతు భార్య రెండుసార్లు వచ్చి వార్డులో వడగట్టిన జావ ఎలా పోయాలో చూపించింది. మా డైటీషియన్ పేపరు మీద రాసిచ్చేదానికంటే ఆమె చేత్తో చూపిస్తేనే ఆడవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు.

మొన్న ఓపీకి డ్రైవరు వచ్చాడు. ఆరోజు అతని అపాయింట్‌మెంట్ లేదు. వెంట 38 ఏళ్ల కుర్రాణ్ని తెచ్చాడు, బావమరిది, తనతో లారీ మీద తిరిగినవాడే. నేను పలకరించేలోపే ఫోన్ నా ముందు పెట్టాడు. ముందే టైప్ చేసి ఉంచుకున్నాడు: "మేడం, వీడి గొంతు మారి మూడు వారాలే. బీడీ మానిపించా. చూడండి."

కెమెరా వేశాం. ఎడమ స్వరతంతువు మీద తెల్లటి పొర, గోరంత. తంతువు బాగానే కదులుతోంది. ముక్క తీసి పంపాం. రిపోర్టు గురువారం వస్తుంది.